మైనపు తల

మైనపు తలను దాటి వస్తున్న కిరణాలు మనిషి తలను దాటి రావడం లేదు.

ఖుద్సియా రెండు ఫిల్ములను పక్కపక్కన పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తింది. ఎడమ చేతిలో ఉన్నది, మోతాదు కొలవడానికి తాను చేసిన మైనపు తలకు అవతలివైపు అంటించిన ఫిల్ము. కిరణాలు తగిలి కాటుకలా నల్లబడింది. కుడి చేతిలో ఉన్నది రోగి కనకవ్వ తలకు అవతలివైపు అంటించినది. యంత్రం అదే, దూరం అదే, సమయం అదే. అయినా ఇది ఆరిన పొయ్యిలో బూడిదలా వెలవెలబోతోంది.

"పుర్రె ఎముక ఆపుతున్నదేమో," అన్నాడు డాక్టర్ రామచంద్రం ఆమె భుజం మీదుగా చూస్తూ.

"మైనపు తలల గూడ పుర్రె ఉన్నది సార్. నిజం పుర్రెలనే మైనం పోసిన."

"మరి?"

"గదే సమజైతలేదు."

సమజు కాకపోవడం ఆమెకు చిరాకు తెప్పించదు. అర్థం కాని దాని ముందు నిలబడితే ఆమెకు ఆకలి వేసినట్టుగా ఉంటుంది. ఫిల్ములు మార్చి పట్టుకుంది. మళ్లీ చూసింది.

అది పందొమ్మిది వందల అరవై ఆరు. కరీంనగర్‌లో ఒక ధర్మసంస్థ నడిపే ఆ దవాఖానకు, పాతబడిందని బొంబాయిలో ఎవరో ఇచ్చేసిన డీప్ ఎక్స్‌రే యంత్రం లారీలో వచ్చింది. ఏ రోగి ఒంట్లోకి ఎంత మోతాదు చేరుతోందో లెక్కగట్టే పని ఖుద్సియాది. బొంబాయిలో ఆ చదువు చదువుకుని వచ్చిన ఆమెను ఊరంతా 'ఎక్స్‌రే మేడం' అంటుంది. ఆమె ఫోటోలు తీస్తుందని చాలామంది నమ్మకం.

రామచంద్రం కుర్చీలో కూర్చుని నుదురు రుద్దుకున్నాడు. నిన్న మంగళవారం పెట్టుకున్న సిందూరం మరక ఇంకా అక్కడే ఉంది.

"కనకవ్వ చెయ్యి మళ్ల పడిపోతున్నది. చూసినవా?"

చూసింది. సిరిసిల్ల నుంచి వచ్చిన కనకవ్వకు మెదడులో ఎడమవైపు గడ్డ. హైదరాబాదులో కోసి తీసినంత తీశారు. మిగిలినదాన్ని కిరణాలతో మాడ్చాలి. మొదట్లో తలనొప్పి తగ్గింది, కుడిచేతి వేళ్లు గ్లాసు పట్టుకున్నాయి. ఆ తర్వాత మెరుగు ఆగిపోయింది. ఇప్పుడు గ్లాసు మళ్లీ జారుతోంది.

"గడ్డ మొండిది," అన్నాడు డాక్టర్. "సోమవారం నుంచి మోతాదు సగం పెంచుదం."

"సార్, సన్న రక్తనాళాలు?"

"ముందు గడ్డ సంగతి చూడాలె గదమ్మా."

"సత్తమ్మకు గూడ గడ్డ సంగతే చూసినం."

హుజూరాబాద్ సత్తమ్మ నిరుడు ఇదే గదిలోంచి నవ్వుకుంటూ నడిచి వెళ్లింది. కొన్ని నెలలకు ఎడ్లబండిలో పడుకోబెట్టి తెచ్చారు. మాట లేదు. గడ్డ మళ్లీ వచ్చిందనుకున్నారు. ఖుద్సియా అలా అనుకోలేదు. వెంట్రుక కన్నా సన్నటి నాళాలకు మోతాదు ఎక్కువైతే అవి వెంటనే చావవు. గోడలు మందమై, దారి ఇరుకై, మెల్లగా మూసుకుపోతాయి. కాలువ పూడిపోతే చివరి మడి ఎండినట్టు, మెదడులో ఆ మేర ఎండిపోతుంది.

"ఫిల్ము చెప్తున్నది నిజమైతే కిరణాలు లోపలికి పోతలేవు," అంది. "ఎందుకు పోతలేవో తెల్వకుంట పెంచితే, గా అడ్డం పోయిన దినం మొత్తం తల మీద పడ్తది. ఫిల్ము తప్పైతే, నాళాలకు ఇప్పటికే నిండుగ చేరింది. పెంచితే సత్తమ్మ లెక్కనే అయితది. ఎటు జూసినా తెలుసుకోవాల్నే."

"తెలుసుకో. శనివారం వరకు నాకు అంకె చెప్పు. ఆ సన్న నాళాలకు ఎంత చేరిందో చెప్పు. చెప్పకపోతే సోమవారం పెంచుడే. ఊకె చూసుకుంట కూసుంటే ఆమె నా చేతుల్లనే పోతది."

అందులో కోపం లేదు. అందుకే ఖుద్సియాకు భయం వేసింది.

*

మరునాడు ఆమె చేసిన మొదటి పని ఎవరికీ నచ్చలేదు. తన చేతి గడియారం విప్పి, యంత్రం మీటలుండే బోర్డు పక్కన మేకుకు తగిలించింది.

యంత్రం నడిపే దేవదాస్ దాన్ని చూశాడు. చెన్నూరు మనిషి, ఆదివారం చర్చిలో పాడే గొంతు. ఆ గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"నా మీద అనుమానమా మేడం?"

"యంత్రం మీద, దేవదాస్."

"యంత్రానికి గడియారం చూసుడు రాదు గద."

అంతలో చక్రాల కుర్చీ లోపలికి వచ్చింది. తోస్తున్నది కనకవ్వ భర్త సాంబయ్య. సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసి చేసి, ఎవరితోనైనా ఆ మోతలో మాట్లాడినట్టే గట్టిగా మాట్లాడతాడు.

"మేడం! పొద్దుగాల మూడు సార్లు గ్లాసు ఇడిసిపెట్టింది! నాలుగోసారి నా మీద ఇసిరింది! గది చెయ్యి మంచిగైనట్టా, కానట్టా?"

కనకవ్వ పెదాలు ఒక పక్కకే నవ్వాయి. ఒక్కో మాటను వెతికి తెచ్చుకుంటున్నట్టు అంది. "నా సవతి... ఎట్లున్నది బిడ్డా?"

మైనపు తల సంగతి తెలిసిన రోజు నుంచి ఆమె దానికి పెట్టుకున్న పేరు అది.

"మంచిగున్నది. నీ లెక్క గ్లాసులు ఇసరదు."

"కొత్తది గద... ఇప్పుడే ఇసరదు."

దేవదాస్ ఆమెను బల్ల మీద పడుకోబెట్టాడు. గుండు మీద, ఎడమ చెవి పైన, ఊదారంగు సిరాతో గీసిన చదరం. అందులో దేవుని సిందూరం. చుట్టూ మళ్లీ ఎదుగుతున్న వెంట్రుకలు. సిరా చెరగకూడదని తలకు నీళ్లు తగలనివ్వరు. అది దవాఖాన నియమం. దేవదాస్ చిన్న కుంచెతో సిందూరానికి తగలకుండా గీతలను మళ్లీ దిద్ది, యంత్రం గొట్టాన్ని చదరానికి ఆనించాడు. తలకు అవతలివైపు నల్లకాగితంలో చుట్టిన ఫిల్మును అంటించాడు. అందరూ బయటికి వచ్చారు. సీసం తాపిన తలుపు మూసుకుంది.

యంత్రం గురగురలాడింది. ఖుద్సియా కరెంటు ముల్లును చూసింది. బజారులో పిండిగిర్నీలు మొదలైతే ముల్లు పడిపోతుందని ఆమెకు అనుమానం. పడలేదు. తన గడియారాన్ని చూసింది. దేవదాస్ మీట దించే క్షణం వరకు చూసింది. అతను సరిగ్గా దించాడు. ఆమె చూస్తోందని అతనికి తెలుసు. తల తిప్పలేదు.

చీకటిగదిలో ఫిల్ము కడిగితే మళ్లీ అదే బూడిద.

"కరెంటు మంచిగున్నది, యంత్రం మంచిగున్నది," అన్నాడు రామచంద్రం మధ్యాహ్నం. "ఇవ్వాళ నువ్వు పక్కన నిలవడ్డవు. రోజూ నిలవడవు గద. ఇగ మిగిలింది మీట మీది చెయ్యే. దేవదాస్ తొందరపడి ముందే దించుతున్నడేమో."

"ఇవ్వాళ గూడ ఫిల్ము పాలిపోయే ఉన్నది సార్."

"అది ఇవ్వాళ. నిరుడు గూడ ఒకసారి తొందరపడ్డడు. ఇంకోసారి నాకు అనిపిస్తే తీసేస్త."

తలుపు అవతల దేవదాస్ అడుగులు ఆగడం ఇద్దరూ విన్నారు. తర్వాత అవి మెల్లగా దూరమయ్యాయి.

సాయంత్రం ఖుద్సియా ఇంటికి పోకుండా తండ్రి కొట్టుకు వెళ్లింది. గులాం నబీకి బజారులో రంగుల దుకాణం. వార్నీషు, సున్నం, జిగురు, తలుపు గొళ్లాలు. ఒకడు ఇనుప గేటుకు తుప్పు పట్టకుండా వేసే మొదటి పూత అడిగాడు.

"బేటీ, జర గా డబ్బా ఇయ్యి. సంభాల్, కాలు మీద పడ్తది."

చెంబంత డబ్బా. అయినా ఎప్పటిలాగే రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది. తండ్రి చెంచాతో తీసి, ఉర్దూ పేపరు ముక్కలో పోసి, మూలలు లోపలికి మడిచి పొట్లం కట్టాడు. ఆ మడత ఈ బజారులో ఆయన ఒక్కడే వేస్తాడు.

"అబ్బా, ఒకటే సామాను. ఇక్కడ ఒక తీరుగ తూగుతున్నది, అక్కడ ఇంకో తీరుగ తూగుతున్నది. ఏం చేస్తరు?"

"రాళ్లు చూస్త."

"రాళ్లు మంచిగున్నయి."

"తక్కెడ చూస్త."

"అది గూడ మంచిగున్నది."

గులాం నబీ కళ్లజోడు మీంచి చూశాడు. "ఇగ సామాను చూస్త. మీద ఏమన్న పడ్డదా అని. నువ్వు అన్నం తినుడు చూస్త. పొద్దుగాల నుంచి తిన్నవా లేదా?"

తినలేదు.

*

శుక్రవారం ఆమెకు సన్న నూలు కావలసి వచ్చింది.

హైదరాబాదులో ఆపరేషనుకు ముందు నాళాల్లోకి మందెక్కించి తీసిన ఎక్స్‌రే ఆమె దగ్గర ఉంది. నాళాలు తంగేడు ఆకు ఈనెల్లా కనిపిస్తున్నాయి. కనిపించేవన్నీ పెద్దవి. ఆమెకు కావలసినవి వాటి కొసల్లో ఫోటోకు కూడా దొరకకుండా పోయేవి. వాటిని కొలిచే సాధనం ఎక్కడా లేదు. అవి వెళ్లే దారిని ఊహించి, ఆ దారిలో ఫిల్ము ముక్కలు పెట్టి, అంచనా వేయడమే. అందుకని మైనపు తలను అడ్డంగా పలకలుగా కోసింది. ఒక్కో పలక మీద నాళాల దారిన నూలుపోగు అతికించి, ఆ పోగు వెంట సన్నటి ఫిల్ము ముక్కలు పరచాలి.

సంగతి విన్న సాంబయ్య తన సంచిలోంచి నూలు చుట్టిన కండె తీశాడు.

"సాంచె ఇడిసి వచ్చినంక చెయ్యి ఊకుండదు మేడం! సంచిల ఏదో ఒక కండె ఉంటది! సవాలచ్చ పోగులు తీసుకో!"

అతన్ని గదిలోకి రానిచ్చింది. బల్ల మీద కనకవ్వ తల కొలతలతో, కనకవ్వ చెవుల మేర గుంటలతో, పసుపుపచ్చటి మైనపు తల. లోపల ఏముందో ఆమె చెప్పలేదు. ఎడమవైపు అదే ఊదారంగు చదరం.

సాంబయ్య గొంతు మొదటిసారి తగ్గింది.

"గిది మా కనకవ్వ తలకాయేనా?"

"అట్లనే అనుకో సాంబన్నా. ముందు దీనికి పెట్టి చూస్త. దీనికి మంచిగ చేరితేనే ఆమెకు పెడ్త."

"దీనికి మంచిగైతేనే దానికి మంచిగైతది."

"ఆఁ, గంతే."

అతను తలను చుట్టూ తిరిగి చూశాడు. చదరం దగ్గర ఆగాడు. వేలితో గాలిలోనే దాని అంచులు తడిమాడు. ఏదో అడగబోయి ఊరుకున్నాడు. తర్వాత ఇద్దరూ కూర్చుని పోగులు అతికించారు. ఆమె ఎక్స్‌రే చూసి దారి చెప్పేది, అతను పోగును నాలుకతో తడిపి మైనం మీద పరిచేవాడు. అది ఎక్కడికి పోతుందని అడిగాడు. మాట వచ్చే చోటికి అంది. ఇదో? కుడిచేతికి. సాంబయ్య ఆ పోగును వంకర లేకుండా రెండుసార్లు సరిచేశాడు.

"గీ పోగు తెగితే?"

"అతుకు లేదు సాంబన్నా."

"మా సాంచె మీద తెగితే ముడేస్తం," అన్నాడతను.

*

శనివారం పొద్దున గది తలుపు తీయగానే ఖుద్సియాకు నవ్వు వచ్చింది. మైనపు తలకు ఎడమ చెవి పైన, చదరం నిండా, మందంగా సిందూరం. మూడు వేళ్లతో పైనుంచి కిందికి దిద్దిన చారలు.

"సాంబయ్య వచ్చిండు మేడం," అన్నాడు దేవదాస్. గడియారం వ్యవహారం తర్వాత అతను అవసరమైనంతే మాట్లాడుతున్నాడు. కానీ ఇది చెప్పకుండా ఉండలేకపోయాడు. "ఇన్ని దినాలు దీనికి పెట్టలే గదా, అన్ని దినాలది కలిపి పెడ్తున్న అన్నడు. సవతిని మర్చిపోయినవని పెద్దామె కనకవ్వ కొట్లాడిందట."

"కొట్లాడే ఉంటది."

"తుడువాల్నా?"

కిటికీ అవతల సాంబయ్య వరండాలో కూర్చుని ఇటే చూస్తున్నాడు.

"వద్దు, ఉండనీ. ఆయన మనసు కష్టపెట్టుడెందుకు. కరెంటు మంచిగున్నది, కానిద్దాం."

నూలు పలకలు, ఫిల్ము ముక్కలు లోపల సర్ది, తలను మళ్లీ జోడించి, గొట్టం కిందికి జరిపారు. చదరం అడుగున, మైనపు చర్మానికి పుర్రెకు మధ్య, ఈసారి ఒక పెద్ద ఫిల్ము కూడా పెట్టింది. పైనుంచి కిందికి మొత్తం దారి తెలియాలని. యంత్రం గురగురలాడింది. దేవదాస్ మీట దించాడు.

చీకటిగదిలో ఎర్రదీపం కింద ముందు అవతలివైపు ఫిల్ము తేలింది. ఖుద్సియా చెయ్యి తొట్టెలోనే ఆగిపోయింది.

బూడిద రంగు.

మైనపు తల కూడా మనిషి తలలాగే అబద్ధమాడుతోంది. నిన్నటిదాకా ఆడలేదు. రాత్రికి రాత్రి ఏం మారింది? నూలు? నూలు కిరణాలను ఆపదు. పలకలు? అదే మైనం. ఆమె పెద్ద ఫిల్మును మందునీళ్లలోకి జార్చింది. అంచుల్లో నలుపు ఎక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఆగింది. ఏదో ఆకారం తెల్లగా మిగిలిపోతోంది.

మూడు చారలు. పైన గుండ్రంగా మొదలై, కిందికి సన్నబడుతూ.

మూడు వేళ్లు.

తడి ఫిల్ము నీళ్లు కారుస్తుండగానే ఆమె బయటికి పరుగెత్తింది. మైనపు తల మీది సిందూరాన్ని గోటితో గీకి అరచేతిలో వేసుకుంది. చిటికెడు. బరువు చేతికి తెలిసింది. ఆ బరువు ఆమెకు పాతదే. రంగుల దుకాణంలో రెండు చేతులతో ఎత్తాల్సిన చెంబంత డబ్బా. గేట్లకు మొదటి పూత. ఇనుముకు తుప్పు రాకుండా కాసే ఎర్రటి సీసపు పొడి. సిందూరమని అమ్మేదీ అదే.

వరండాలోకి వెళ్లి సాంబయ్యను పొట్లం అడిగింది. అతను మొలలోంచి భద్రంగా తీసి ఇచ్చాడు. ఉర్దూ పేపరు. మూలలు లోపలికి మడిచి ఉన్నాయి.

"ఏ కొట్ల తెచ్చినవు సాంబన్నా?"

"బజార్ల, రంగుల సాయబు కాడ! మంచోడు! దేవునికి అంటే జర ఎక్కువనే ఏస్తడు! తెచ్చి నువ్వులనూనెల కలిపి, కొండగట్టు దేవుని దిక్కు మొక్కి పెడ్త!"

లోపలికి వచ్చి సిందూరం పూర్తిగా తుడిచి, కొత్త ఫిల్ము, పోగుల వెంట కొత్త ముక్కలు పెట్టి మరోసారి నడిపించింది. ఫిల్ము కాటుకలా నల్లగా వచ్చింది.

*

రామచంద్రం రెండు ఫిల్ములను చాలాసేపు చూశాడు. ఆయన చెయ్యి తెలియకుండానే నుదుటికి పోయింది. ఇవాళ శనివారం. వేలికి ఎర్రగా అంటింది.

"రోజూ చూసిన," అన్నాడు. "నా కండ్ల ముందే ఉన్నది."

"అందరం చూసినం సార్."

"కనకవ్వ నెత్తి మీద ఎంత మందం ఉంటది?"

"పెట్టిన దాని మీద మళ్ల పెడ్తున్నడు. నీళ్లు తాకొద్దని మనమే చెప్పినం. పెచ్చు కట్టింది. అందుకే మొదట్ల మెరుగైంది, తర్వాత ఆగింది. ఇప్పుడు సగానికి సగం నెత్తి మీదనే ఆగిపోతున్నది. గడ్డకు సగం, సన్న నాళాలకు సగం." ఆమె కాగితం ముందుకు జరిపింది. "మీరు అడిగిన అంకె."

డాక్టర్ అంకె చూశాడు. తర్వాత గోడ మీది క్యాలెండరు చూశాడు.

"రేపు మంగలి వస్తడు," అన్నాడు.

ఆమె అంతవరకు ఆలోచించలేదు. ఎదిగిన వెంట్రుకలు తీయడానికి, చికిత్స మొదలయ్యాక మొదటిసారి, ఆ ఆదివారం వార్డుకు మంగలి వస్తాడు. సబ్బు, కత్తి. పెచ్చంతా ఊడిపోతుంది. దేవదాస్ కొలత ప్రకారం కొత్త చదరం గీస్తాడు. సోమవారం పొద్దున, అడ్డం ఏమీ లేని తల మీదికి, సగం పెంచిన మోతాదు. ఇప్పుడు చేరుతున్నదానికి మూడింతలు. రోజూ.

రామచంద్రం చీటీ తీసి, సోమవారానికి రాసుకున్న అంకెను కొట్టేశాడు.

"పెంచుడు లేదు," అన్నాడు రామచంద్రం. "అసలుదే ఇద్దం. దేవదాస్‌ను పిలువు."

దేవదాస్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. విషయం విని ఫిల్ములోని మూడు వేళ్లను చూశాడు.

"వాళ్ల దేవుని బొట్టు నేనెట్ల తాకాలె సార్? చుట్టూ గీత గీసుకుంట వచ్చిన."

"నిన్ను ఒక మాట అన్న..."

"పోనియ్యుండ్రి సార్."

ఖుద్సియా యంత్రం గదికి వెళ్లి, మేకుకు వేలాడుతున్న గడియారాన్ని తీసింది. చేతికి కట్టుకోవాలనిపించలేదు. సంచిలో వేసుకుంది. వెనకే వచ్చిన దేవదాస్ ఆ ఖాళీ మేకును చూశాడు. తన లాంతరును దానికి తగిలించాడు.

"మేకు మంచిగ పనికొస్తది మేడం," అన్నాడు.

*

సాంబయ్యకు ఏం చెప్పాలన్నది మిగిలింది. దవాఖాన కొత్త నియమం, తల మీద ఏమీ పెట్టకూడదని చెప్పెయ్యమన్నాడు డాక్టర్. తేలిక దారి. సోమవారం పొద్దున మంగలి నున్నగా గీసిన కనకవ్వ గుండు, చేతిలో పొట్లంతో గుమ్మంలో నిలబడ్డ సాంబయ్య కనిపించేదాకా ఖుద్సియా కూడా అదే చెప్పాలనుకుంది.

పోగును రెండుసార్లు సరిచేసిన వేళ్లవి. నియమం అంటే ఆ మనిషి తలూపుతాడు. రాత్రి దొంగచాటుగా వెంట్రుకల్లో ఎక్కడో రాస్తాడు.

ఫిల్ము తెచ్చి కిటికీకి ఆనించింది.

"ఇది సవతి తల మీద తీసింది సాంబన్నా. నల్లగున్న చోట కిరణాలు పోయినయి. తెల్లగున్న చోట పోలే."

అతను దగ్గరికి వచ్చాడు. చూశాడు. చెయ్యి ఎత్తి, మూడు వేళ్లను ఆ మూడు తెల్ల చారల మీద పెట్టాడు. సరిగ్గా సరిపోయాయి.

"గా పొడిల సీసం ఉన్నది," అంది ఖుద్సియా. "కిరణాలను ఆపుతది. నీకు తెల్వదు. మాకు తెలిసుండి గూడ చూడలే. ఎక్కువ తప్పు మాది. అమ్మింది మా అబ్బ."

సాంబయ్య వేళ్లు ఫిల్ము మీదే ఉండిపోయాయి. ఎప్పుడూ సాంచెల మోత దాటించే గొంతు ఎక్కడికో పోయింది.

"గిన్ని దినాలు... నేనే ఆపిన్నా?"

చక్రాల కుర్చీలోంచి కనకవ్వ అతన్ని చూస్తోంది. ఆమె పెదాలు మాటల కోసం వెతికాయి. చాలాసేపు వెతికాయి.

"మా అత్తకు... అడ్డం నిలవడె. సాంచెల సేటుకు అడ్డం నిలవడె." ఊపిరి తీసుకుంది. "అలవాటైంది బిడ్డా... గీ మనిషికి. నాకు ఏమొచ్చినా... అడ్డం నిలవడ్తడు."

దేవదాస్ ముందుగా నవ్వాడు. సాంబయ్య నవ్వలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, చాలా మెల్లగా అడిగాడు.

"మరి గిప్పుడు ఏడ పెట్టాలె?"

జవాబు బల్ల మీదే ఉంది. ఇక నుంచి మోతాదు నిండుగా చేరుతుంది. చదరానికి వెనక అంచులో, గడ్డతో సంబంధం లేకుండా, మాట వచ్చే చోటికి పోయే సన్న నాళాల గుత్తి ఒకటి ఉంది. సాంబయ్య తడిపి పరిచిన పోగుల్లో ఒకటి. నిండు మోతాదు దానికి ఎక్కువని శనివారం అంకెలు చెప్పాయి. ఆదివారమంతా కూర్చుని, ఆ మేరకు సీసపు రేకును వంకర తిరిగిన చింతకాయలా కత్తిరించింది.

రేకును కనకవ్వ తల మీద, కొత్త చదరంలో వెనక అంచున అమర్చింది. జరగకుండా పట్టీ వేసింది.

"గిది గూడ సీసమేనా?" అన్నాడు సాంబయ్య.

"సీసమే."

"గిది కిరణాలను ఆపదా?"

"ఆపుతది. గీడ ఆపాల్నే. నువ్వు శుక్రవారం పెట్టిన పోగు గిక్కడనే ఉన్నది. మాట వచ్చే చోటిది. తెగితే అతుకు లేదని చెప్పిన గదా, గది."

అతను రేకును చూశాడు. పొట్లాన్ని చూశాడు. ఆమెను చూశాడు.

"గీ రేకు మీద పెట్టొచ్చునా?"

ఖుద్సియా ఒక్క క్షణం ఆలోచించింది. అవును కాదు అనే అలవాటు ఆమెకు లేదు, లెక్కగట్టే అలవాటు. రేకు మందం, దాని మీద పూత మందం, అంచు. అంచు దాటకుండా ఉంటే చాలు.

"అంచు దాటకుంట పెట్టు."

సాంబయ్య పొట్లం విప్పి, చిటికెడు అరచేతిలో వేసుకుని, నూనెతో తడిపాడు. ఎప్పటిలా తోచినట్టు పూయలేదు. మూడు వేళ్లను దగ్గరగా చేర్చి, పోగు పరిచినంత జాగ్రత్తగా, రేకు మీద పైనుంచి కిందికి దిద్దాడు. అంచు దగ్గర ఆగిపోయాడు. దేవదాస్ గొట్టం దించాడు. ఏమీ తుడవలేదు.

తలుపు మూసుకుంది. యంత్రం గురగురలాడింది.

ఫిల్ము ఆరకముందే సాంబయ్య చీకటిగది గుమ్మంలో ఉన్నాడు. ఖుద్సియా దాన్ని కిటికీకి ఎత్తింది. అంతా నలుపు, మైనపు తల మీద వచ్చినంత చిక్కటి నలుపు. ఒక మూలన తెల్లగా, వంకర తిరిగిన చింతకాయ ఒక్కటి.

సాంబయ్య ఆ తెలుపులో కళ్లు చికిలించి వెతికాడు. దగ్గరికి జరిగి మళ్లీ వెతికాడు.

"నా ఏళ్లు ఏవి బిడ్డా? పడలేవా?"

"పడలే సాంబన్నా. రేకుల కలిసిపోయినయి."

"మంచిగైంది," అన్నాడు సాంబయ్య. గొంతు మళ్లీ సాంచెల స్థాయికి లేచింది. వరండాలోకి తిరిగి, దవాఖానంతా వినపడేలా అరిచాడు. "కనకవ్వా! పడలేవంట!"